గుర్రబ్బండి వెనక

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా, మేరీలాండ్ ప్రాంతాల్లో ఉండే మన కుటుంబాలకి ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే స్థలాల జాబితా ఒకటి ఉంటుంది. న్యూయార్కు, నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గు గుడి, హెర్షీలో చాక్లెట్ల ఊరు. హెర్షీ దాకా వెళ్ళాం కదా అని, అక్కణ్ణించి గంట లోపు దూరంలో ఉన్న లాంకాస్టర్ కూడా. అక్కడ మన కారు ముందు బూడిదరంగు గుర్రబ్బండి ఒకటి టకటకమని పోతూంటుంది. వెనక సీట్లోంచి నాన్నగారు, "ఇదేమిటోయ్, మన ఊళ్ళో జట్కాబండి పోయి ఎన్నేళ్ళయింది! అమెరికాలో ఇంకా ఉందా?" అంటారు. మనం కాస్త గర్వంగానే "వీళ్ళు ఆమిష్‌లు నాన్నా, కరెంటు వాడరు, కారు కొనరు, పాతకాలంలోనే ఉండిపోయారు" అని మూడు ముక్కల్లో చెప్పేసి, జామ్ సీసాలూ ఊరగాయ సీసాలూ కొనుక్కుని ఇంటికొచ్చేస్తాం.

ఆ మూడు ముక్కల్లో రెండున్నర తప్పు. కరెంటు వాడతారు, వీధిలో తీగనుంచి వచ్చేది మాత్రం తీసుకోరు. కారు కొనరు, అద్దెకిచ్చి ఎక్కుతారు. ఇక పాతకాలంలో ఉండిపోవడం అన్నది అసలే నిజం కాదు. ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి వాళ్ళు పడ్డంత తర్జనభర్జన ఈ దేశంలో మరెవరూ పడలేదేమో. టెలిఫోను వచ్చినప్పుడు మన తాతలెవరూ కూర్చుని "ఇది మనింటికి రావాలా వద్దా" అని చర్చించలేదు. వచ్చింది, పెట్టించుకున్నారు. సెల్‌ఫోనూ అంతే. ఆమిష్‌లు మాత్రం కూర్చుని చర్చించారు, పోట్లాడుకున్నారు, దాని గురించి చీలిపోయారు కూడా.

ఈ సంగతి అర్థం కావాలంటే యూరప్‌కి వెళ్ళాలి. 1525 జనవరి 21న స్విట్జర్లాండులోని జూరిక్‌లో, ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన ఇంట్లో కొద్దిమంది చేరి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. అందరికీ పుట్టగానే ఒకసారి బాప్తిస్మం అయ్యే ఉంది. "ఊహ తెలియని పసివాడికి ఇచ్చినది చెల్లదు, పెద్దయ్యాక తెలిసి ఒప్పుకుంటేనే చెల్లుతుంది" అన్నది వాళ్ళ వాదన. ఇప్పుడు మనకిది పెద్ద విషయంగా అనిపించదు. కానీ ఆ రోజుల్లో పుట్టిన బిడ్డకి చర్చిలో బాప్తిస్మం ఇవ్వడమంటే రాజ్యం లెక్కల్లోకి చేర్చుకోవడం. దాన్ని కాదనడం రాజద్రోహం కింద లెక్క. రెండేళ్ళు తిరక్కుండానే, 1527 జనవరి 5న, అదే మాంజ్‌ని చేతులు కట్టేసి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్ళ గురించి వాదించినవాడికి నీళ్ళతోనే శిక్ష.

ఆ తరవాత వందేళ్ళ పైబడి ఈ మనుషుల్ని కాల్చారు, ముంచారు, తరిమారు. వాళ్ళ కథలన్నీ గుదిగుచ్చి 1660లో డచ్చి భాషలో 'మార్టర్స్ మిర్రర్' అనే పెద్ద పుస్తకం వేశారు. ఆమిష్ ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే పుస్తకం ఇది. అందులో డిర్క్ విల్లెమ్స్ అనే ఆయన కథ ఒకటుంది. 1569లో ఆయన జైలునుంచి తప్పించుకుని, పలచటి మంచు పట్టిన చెరువు దాటి పారిపోతున్నాడు. తరుముకొస్తున్న భటుడి కింద మంచు విరిగి, వాడు నీళ్ళలో పడ్డాడు. విల్లెమ్స్ వెనక్కి తిరిగి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. ప్రాణం దక్కిన భటుడే ఆయన్ని పట్టుకున్నాడు. ఆయన్ని తగలబెట్టారు. ఆమిష్ పిల్లలు చిన్నప్పటినుంచీ ఈ కథ వింటూ పెరుగుతారు. దీన్ని గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

వీళ్ళలో మెన్నో సైమన్స్ అనే డచ్చి మతగురువు పేరుమీద మెన్నొనైట్లు ఏర్పడ్డారు. 1693లో యాకోబ్ అమ్మన్ అనే ఆయన, వృత్తికి దర్జీ, స్విట్జర్లాండు, ఆల్సస్ ప్రాంతాల సంఘాల్లో ఒక తగువు లేవదీశాడు. సంఘం కట్టు తప్పినవాడితో కలిసి భోంచెయ్యవచ్చా, కూడదా? కూడదు, పూర్తిగా వెలివెయ్యాలి అన్నాడు అమ్మన్. అంత కఠినం పనికిరాదన్నాడు హాన్స్ రైస్ట్ అనే పెద్ద. సంఘం రెండుగా చీలింది. అమ్మన్ వెనక నడిచినవాళ్ళే ఆమిష్‌లు. అంటే ఈ సమాజం పుట్టిందే 'వెలి' అన్న మాట దగ్గర. మన పల్లెల్లో వెలి సంగతి తెలిసినవాళ్ళకి ఈ ముక్క వినగానే గుండె కాస్త బరువెక్కుతుంది. తేడా ఒకటుంది. వాళ్ళలో వెలి పుట్టుకని బట్టి పడదు. పెద్దయ్యాక నలుగురి ఎదుట మాట ఇచ్చి, ఆ తరవాత తప్పినవాడికే పడుతుంది. బాప్తిస్మం తీసుకోకముందే వెళ్ళిపోయినవాడికి వెలి లేదు. తీసుకున్నాక వెళ్ళిపోతే, అమ్మ పెట్టే భోజనం కూడా వేరే బల్ల మీదే.

విలియం పెన్ తన కాలనీలో ఎవరి మతం వారిదే అని మాట ఇచ్చాడు కాబట్టి వీళ్ళు పెన్సిల్వేనియాకి వచ్చారు. 1737లో 'చార్మింగ్ నాన్సీ' అనే ఓడలో ఒక చెప్పుకోదగ్గ గుంపు దిగింది. ఓడ పేరు అందంగానే ఉంది గానీ, ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటిన కుటుంబాల్లో పసిపిల్లల్ని సముద్రానికి అప్పగించని కుటుంబాలు తక్కువ. వచ్చాక కూడా పరీక్షలు తప్పలేదు. 1757లో, ఫ్రెంచి వారికీ ఇంగ్లీషు వారికీ యుద్ధం సాగుతూండగా, బర్క్స్ కౌంటీలో యాకోబ్ హాక్‌స్టెట్లర్ ఇంటిమీద రాత్రివేళ దాడి జరిగింది. ఇంట్లో వేటకి వాడే తుపాకులున్నాయి. కొడుకులు అందుకోబోయారు. మనిషిని చంపకూడదని తండ్రి అడ్డుపడ్డాడు. భార్య, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆయన్నీ మరో ఇద్దరు కొడుకుల్నీ పట్టుకుపోయారు. ఆ తండ్రి చేసింది ఒప్పా అని అడిగితే నేను జవాబు చెప్పలేను. ఆ కుటుంబం వారసులు మాత్రం ఈనాటికీ వేల సంఖ్యలో ఉన్నారు, ఆ కథ చెప్పుకుంటూనే ఉన్నారు.

యూరప్‌లో మిగిలిపోయిన ఆమిష్‌లు ఏమయ్యారన్నది చాలామందికి తెలియదు. మెల్లగా చుట్టుపక్కల వాళ్ళలో కలిసిపోయారు. జర్మనీలో ఇక్స్‌హైమ్ అనే ఊళ్ళో ఉన్న ఆఖరి సంఘం 1937లో మెన్నొనైట్లతో కలిసిపోవడంతో, పుట్టిన గడ్డ మీద ఆ పేరే అంతరించింది. ఇవాళ ఆమిష్‌లు అన్నవాళ్ళు ఉంటే ఇక్కడే ఉండాలి, అమెరికాలోనూ కొద్దిగా కెనడాలోనూ. పుట్టింట్లో పోయినది వలస వచ్చినచోట నిలిచింది.

ఇక్కడ మాత్రం ఊరికే నిలవలేదు. 1862 నుంచి 1878 దాకా దాదాపు ప్రతి ఏడూ అన్ని రాష్ట్రాల సంఘాల పెద్దలూ సమావేశమై, దేన్ని ఒప్పుకోవాలి దేన్ని కాదనాలి అని మాట్లాడుకున్నారు. ఏకాభిప్రాయం కుదరలేదు. మార్పు కావాలన్న వాళ్ళే ఎక్కువ. వాళ్ళంతా కాలక్రమాన మెన్నొనైట్లలో కలిసిపోయారు. పాత పద్ధతే కావాలని లేచి వెళ్ళిపోయిన కొద్దిమందికి 'ఓల్డ్ ఆర్డర్' అనే పేరు వచ్చింది. ఇవాళ మనం రోడ్డుమీద చూసే గుర్రబ్బళ్ళు వాళ్ళ మనవల మునిమనవలవి. 1900 ప్రాంతంలో వాళ్ళు మొత్తం ఐదారు వేలమంది. ఇంకో రెండు తరాల్లో ఉండరని అప్పటి చదువుకున్నవాళ్ళు అనుకున్నారు. 2024 నాటికి నాలుగు లక్షలు దాటారు. సుమారు ఇరవై ఏళ్ళకోసారి రెట్టింపు అవుతున్నారు.

ఇంతకీ వాళ్ళ యంత్రాంగం ఎలా నడుస్తుంది? 'ఓర్డ్‌నుంగ్' అని ఒక మాట ఉంది. మన భాషలో కట్టుబాటు అంటే సరిపోతుంది. అది సాధారణంగా రాసి ఉండదు. పాతిక ముప్ఫై నలభై కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. చర్చి భవనం లేదు. వారం విడిచి వారం ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లోనో, గాదె ఉన్న పెద్ద కొట్టంలోనో ప్రార్థన. ఇంట్లో పట్టేంతమందే సంఘం, అంతకు మించితే రెండుగా విడిపోతారు. మతగురువుని చదువుని బట్టి కాదు, చీటీ ద్వారా ఎంచుకుంటారు. సభ్యులు సూచించిన మగవాళ్ళ ముందు అన్నీ ఒకేలా ఉన్న పాటల పుస్తకాలు పెడతారు. ఒకదాంట్లో చిన్న కాగితం ముక్క ఉంటుంది. అది ఎవరికొస్తే ఆయన బతికున్నంతకాలం గురువు. జీతం లేదు. పేరొచ్చినవాడు సంతోషించడు, భార్యాభర్తలిద్దరూ కన్నీళ్ళు పెట్టుకుంటారని చెబుతారు. మన సంఘాల్లో అధ్యక్ష పదవి ఎన్నికలు చూసినవాళ్ళకి ఈ పద్ధతి మీద కాస్త మోజు కలిగితే తప్పులేదు.

ఎనిమిది పదులమంది పెద్దలు ఒకరినొకరు పేరుపెట్టి ఎరిగిన ఆ సంఘమే ఏ వస్తువు రావాలో రాకూడదో తేలుస్తుంది. తీర్మానం పెన్సిల్వేనియాలో ఒకలా, ఇండియానాలో ఒకలా ఉంటుంది. లాంకాస్టర్‌లో సైకిలు కూడదు, కాలితో తోసే స్కూటరు ఫరవాలేదు. ఉత్తర ఇండియానాలో సైకిళ్ళే సైకిళ్ళు. బయటినుంచి చూస్తే పిచ్చిలా కనిపిస్తుంది. లోపలినుంచి చూస్తే వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ఈ వస్తువు మనల్ని ఒకరికొకరం దగ్గర పెడుతుందా, దూరం చేస్తుందా? యంత్రంలో పాపముందని వాళ్ళు ఎన్నడూ అనలేదు.

టెలిఫోను సంగతే చూడండి. లాంకాస్టర్‌లో మొదట్లో కొందరు ఆమిష్ రైతులు ఫోన్లు పెట్టించుకున్నారు. 1910 ప్రాంతంలో సంఘం వద్దంది. అదే సమయంలో వెలి ఎంత కఠినంగా ఉండాలన్న తగువు కూడా రాజుకుంది. రెండూ కలిసి, సుమారు ఐదోవంతు మంది విడిపోయారు. ఫోను ఇంట్లో ఉంటే పక్కింటికి నడిచి వెళ్ళడం మానేస్తారు, మనిషి మొహం చూడకుండా మాట్లాడితే చాడీలు పెరుగుతాయి అన్నది పెద్దల భయం. అయితే డాక్టరు కావాలన్నా, పశువుల దాణా కావాలన్నా ఫోను అవసరమే. దాంతో కొన్నేళ్ళ తరవాత మధ్యేమార్గం కుదిరింది. పొలం గట్టున చిన్న గుడిసెలాంటి పెట్టె, అందులో నాలుగైదు కుటుంబాలకి ఉమ్మడి ఫోను. మీరు నడిచి వెళ్ళి చెయ్యవచ్చు. అది మాత్రం మీ భోజనాల బల్ల దగ్గర మోగకూడదు. ఈమధ్య మన ఇళ్ళలో "అన్నం తినేటప్పుడు ఫోన్లన్నీ ఆ బుట్టలో పడెయ్యండి" అని కేకలేస్తున్న తల్లులు ఉన్నారు కదా, వాళ్ళ వాదన ఆ పెద్దల వాదన కన్నా ఎంత దూరం?

కరెంటుదీ అదే దారి. 1920 ప్రాంతంలో తేల్చుకున్నది ఏమిటంటే, బ్యాటరీ ఫరవాలేదు, ఊరి తీగకి ఇల్లు కలపకూడదు. తీగ లోపలికొస్తే దాని వెనకే ఏమేమి వస్తాయో చెప్పలేం అని. రేడియోలు, టీవీలు అప్పటికింకా రాలేదు. ఆ రకంగా, తెలిసో తెలియకో, రాబోయే వందేళ్ళ తలుపు ఒక్క గొళ్ళెంతో మూశారు. కానీ బతకాలి కదా. డీజిలు ఇంజనుతో గాలిని ఒత్తిడిలో పెట్టి, ఆ గాలితో రంపాలూ కుట్టుమిషన్లూ తిప్పుతారు. దీన్ని వాళ్ళే సరదాగా 'ఆమిష్ కరెంటు' అంటారు. గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌లున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల కప్పుల మీద సౌరఫలకాలు కనబడతాయి. సూర్యుడికి తీగ లేదు.

1960ల చివర్లో లాంకాస్టర్ పాడిరైతులకి వచ్చిన ఇబ్బంది ఇంకా ఆసక్తికరమైనది. పాలు క్యానుల్లో తీసుకోం, చల్లబరిచే పెద్ద ట్యాంకులు పెట్టాల్సిందే అని కొనుగోలు కంపెనీలు పట్టుబట్టాయి. ట్యాంకులో పాలు కలియబెట్టడానికి కరెంటు కావాలి. కాదంటే పాడి పోతుంది, పాడి పోతే పొలం పోతుంది, పొలం పోతే కొడుకులు ఊరు వదిలిపోతారు. బిషప్పులు కంపెనీ వాళ్ళతో కూర్చుని బేరమాడారు. డీజిలుతో చల్లబరుస్తాం, బ్యాటరీతో కలియబెడతాం, ఆదివారం మాత్రం మీ బండి మా గుమ్మంలోకి రాకూడదు. బేరం కుదిరింది. కాలం ఆగిపోయిన మనుషులు ఇలాంటి బేరాలు ఆడరు.

కంపెనీలతో బేరం కుదిరింది గానీ ప్రభుత్వంతో అంత తేలిగ్గా కుదరలేదు. 1955లో సోషల్ సెక్యూరిటీ పన్ను స్వంత వ్యవసాయం చేసుకునే రైతులకి కూడా వర్తించింది. ఆమిష్‌లు మిగతా పన్నులన్నీ కడతారు, ఇది మాత్రం కట్టమన్నారు. ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవడం కొడుకుల పని, ఇల్లు కాలితే కట్టివ్వడం ఊరి పని. దాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తే మేమెందుకు అన్నది వాళ్ళ మాట. 1961 వసంతంలో, పెన్సిల్వేనియాలో న్యూ విల్మింగ్టన్ దగ్గర వాలెంటైన్ బైలర్ అనే రైతు పొలం దున్నుతూండగా పన్ను అధికారులు వచ్చి, 308 డాలర్ల 96 సెంట్ల బాకీ కింద, కాడి నుంచి మూడు గుర్రాల్ని విప్పి తోలుకుపోయారు. వేలంలో 460 డాలర్లకి అమ్మారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1965లో మెడికేర్ చట్టంతో పాటే వీళ్ళకి మినహాయింపు ఇచ్చారు. కట్టరు, తీసుకోరు. ఆ మినహాయింపు స్వంత పని చేసుకునేవారికే గానీ యజమానులకి వర్తించదని 1982లో సుప్రీంకోర్టు అన్నది. 1988లో కాంగ్రెసు చట్టం మార్చి, యజమానీ పనివాడూ ఇద్దరూ ఆమిష్‌లైతే వారికీ వర్తింపజేసింది.

గుర్రాల కన్నా పెద్ద పోరాటం పిల్లల గురించి. ఒక్క గది ఉన్న పల్లెటూరి బడులు ఉన్నంతకాలం ఆమిష్ పిల్లలు ప్రభుత్వ బడికే వెళ్ళారు. 1937లో లాంకాస్టర్ దగ్గర ఈస్ట్ లాంపీటర్‌లో ఆ బడుల్ని మూసేసి అందరికీ ఒక పెద్ద బడి కట్టారు. బస్సెక్కి దూరం పోవాలి. మరుసటి ఏడు ఆమిష్‌లు తమ బడులు తామే పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిదో తరగతి దాకా చాలు, ఆ తరవాత పొలంలో, వంటింట్లో, కొట్టంలో నేర్చుకునేదే చదువు అన్నారు. హైస్కూలుకి పంపనందుకు తండ్రుల్ని జైల్లో పెట్టారు. 1955లో పెన్సిల్వేనియా ఒక రాజీ కనిపెట్టింది: వారానికి మూడు గంటలు బడి, మిగతా రోజుల్లో చేసిన పని డైరీలో రాసుకోవాలి.

అయొవాలో మాత్రం రాజీ కుదరలేదు. వాళ్ళ బళ్ళలో సర్టిఫికెట్లున్న టీచర్లు లేరని, 1965 నవంబరు 19న అధికారులు హేజిల్టన్ ఊరి బడికి చేర్చడానికి బస్సు వేసుకుని ఆమిష్ బడికి వచ్చారు. పిల్లలు బెదిరి, కంచె దాటి పక్కన మొక్కజొన్న చేలోకి పరుగు తీశారు. పత్రికా ఫోటోగ్రాఫరు ఒకాయన ఆ పరుగుని కెమెరాలో పట్టాడు. నల్ల కోట్లు, టోపీలు, వీపులు, చేను. ఆ బొమ్మ దేశమంతా అచ్చయింది. రెండేళ్ళకి అయొవా చట్టం మార్చుకుంది.

అసలు తీర్పు విస్కాన్సిన్ నుంచి వచ్చింది. న్యూ గ్లారస్ అనే ఊళ్ళో ముగ్గురు తండ్రులకి పిల్లల్ని హైస్కూలుకి పంపనందుకు తలా ఐదు డాలర్ల జరిమానా పడింది. ఐదు డాలర్లే! కానీ ఆమిష్‌లు కోర్టుకెక్కరు, అది వాళ్ళ కట్టుబాటు. విలియం లిండ్‌హోమ్ అనే లూథరన్ పాస్టరు, వాళ్ళ సంఘానికి ఏ సంబంధమూ లేనివాడు, ఒక కమిటీ పెట్టి వాళ్ళ తరఫున నడిచాడు. విలియం బాల్ అనే కేథలిక్ లాయరు వాదించాడు. ఆమిష్ ఇంట్లో పుట్టి, బయటికొచ్చి, ప్రొఫెసరైన జాన్ హాస్టెట్లర్ సాక్ష్యం చెప్పాడు. 1972 మే 15న 'విస్కాన్సిన్ వర్సెస్ యోడర్' కేసులో సుప్రీంకోర్టు ఆమిష్‌ల పక్షాన తీర్పు ఇచ్చింది. మూడు వందల ఏళ్ళుగా నడిచిన జీవన విధానాన్ని మరో రెండేళ్ళ బడికోసం విరగ్గొట్టే హక్కు ప్రభుత్వానికి లేదన్నారు ప్రధాన న్యాయమూర్తి బర్గర్.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఆ రోజు కోర్టులో కూర్చుని ఉంటే మనలో చాలామంది మనసు విస్కాన్సిన్ పక్షానే ఉండేది. మనం ఈ దేశానికి వచ్చిందే చదువు పట్టుకుని. మన సూట్‌కేసులో అన్నిటికన్నా భద్రంగా వచ్చింది డిగ్రీ కాగితం. ఎనిమిదో తరగతితో చాలనే తండ్రి మన లెక్కలో బిడ్డ గొంతు కోసేవాడే. న్యాయమూర్తి డగ్లస్ దాదాపు ఆ మాటే అన్నారు, ఇంకా మర్యాదగా. తల్లిదండ్రుల మాట విన్నాం, పిల్లల మాట ఎవరు విన్నారు? ఆ పిల్లాడు పియానో వాయించాలనుకోవచ్చు, వ్యోమగామి కావాలనుకోవచ్చు, సముద్రశాస్త్రం చదవాలనుకోవచ్చు. ముగ్గురు పిల్లల్లో సాక్ష్యం చెప్పింది ఒక్క అమ్మాయే. ఆమెకి హైస్కూలు వద్దు. మిగిలిన ఇద్దరి గురించి తాను ఒప్పుకోలేనన్నారు డగ్లస్. నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా బరువైన భాగం అదే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ప్రశ్న ఆమిష్ తండ్రికే కాదు, కొడుకు తొమ్మిదో తరగతిలో ఉండగానే మెడికల్ స్కూలు పేరు చెప్పే తండ్రికి కూడా తగులుతుంది.

ఇక భాష. ఆమిష్ పిల్లలు ఇంట్లో మాట్లాడేది 'డైచ్', అంటే పెన్సిల్వేనియా డచ్. పేరులో డచ్ ఉన్నా అది జర్మన్ యాస. ప్రార్థనలో పాత జర్మన్. ఇంగ్లీషు ఆరో ఏట బడిలో చేరాక. బయటివాళ్ళందరికీ వాళ్ళు పెట్టిన పేరు 'ఇంగ్లీషువాళ్ళు'. అంటే వాళ్ళ లెక్కలో మీరూ నేనూ కూడా ఇంగ్లీషువాళ్ళమే!

ఒకప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళలో ఆమిష్‌లు పిడికెడుమంది. ఎక్కువమంది లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చిలకి చెందిన మామూలు జర్మన్లు. వాళ్ళకి పత్రికలుండేవి, కవులుండేవారు, ఆ భాషలో పుస్తకాలు అచ్చయ్యేవి. 1891లో పెన్సిల్వేనియా జర్మన్ సొసైటీ అని సాహితీ చరిత్ర సంఘం కూడా పెట్టుకున్నారు. దాని కార్యకలాపాలు, సంచికలు మాత్రం ఇంగ్లీషులో. (ఇలాంటి వార్షిక సంచికలో ఈ వాక్యం రాస్తూంటే నాకే కొంచెం గుచ్చుకుంటోంది.) ఇవాళ ఆ కుటుంబాల మనవలకి ఆ భాష రాదు. కవులు లేని, సంఘం లేని, పుస్తకాల మోజు పెద్దగా లేని ఆమిష్‌లూ, వాళ్ళలాంటి పాత పద్ధతి మెన్నొనైట్లూ మాత్రం దాన్ని మాట్లాడుతున్నారు, వాళ్ళ జనాభాతో పాటే అదీ పెరుగుతోంది. భాషని కాపాడాలని వాళ్ళు ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. ఆవుని అదిలించాలన్నా, పెళ్ళిసంబంధం మాట్లాడాలన్నా, చెల్లెల్ని ఏడిపించాలన్నా ఆ భాషే కావాలి, అంతే. మనం ఆదివారం తెలుగు బడికి నలభై నిమిషాలు కారు నడుపుతాం. తిరుగు దారిలో వెనక సీట్లో అక్కా తమ్ముడూ ఏ భాషలో కొట్టుకుంటున్నారో వింటూంటాం.

ఇదంతా చదివి వాళ్ళు స్వర్గంలో ఉన్నారనుకోవద్దు. బాప్తిస్మం తీసుకుని తరవాత వెళ్ళిపోయినవాళ్ళకి ఇల్లు పోతుంది, చేతిలో ఎనిమిదో తరగతి తప్ప కాగితం ఉండదు. ఇళ్ళలో ఆడపిల్లల మీద జరిగిన అఘాయిత్యాల్ని సంఘంలో క్షమాపణతో ముగించి, పోలీసుల దాకా పోనివ్వని కేసులు పలు కోర్టుల్లో బయటపడ్డాయి. పాత వంశాల మధ్యనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల అరుదైన పుట్టు జబ్బులు ఎక్కువ. ఆ పిల్లలకోసం 1989లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక క్లినిక్ వెలిసింది. అక్కడ జన్యుపరీక్షలు చేస్తారు, బయట కొక్కేలకి గుర్రాలు కట్టి ఉంటాయి. ఆ పరీక్షల్ని ఏ బిషప్పూ కాదనలేదు.

క్షమాపణ అన్న మాట వచ్చింది కాబట్టి నికెల్ మైన్స్ గురించి చెప్పకుండా ఉండలేను. 2006 అక్టోబరు 2న లాంకాస్టర్ కౌంటీలో ఆ ఊరి ఒంటిగది బడిలోకి, ఆ చుట్టుపక్కల పాలబండి నడిపే మనిషి తుపాకీతో జొరబడ్డాడు. మగపిల్లల్ని బయటికి పంపి, పదిమంది ఆడపిల్లల్ని కాల్చి, తననీ కాల్చుకున్నాడు. ఐదుగురు పిల్లలు పోయారు. ఆ సాయంత్రమే ఆమిష్ పెద్దలు కొందరు హంతకుడి భార్యనీ, తల్లిదండ్రుల్నీ వెతుక్కుంటూ వెళ్ళి, మీమీద మాకు కోపం లేదని చెప్పివచ్చారు. అతని అంత్యక్రియలకి వెళ్ళినవాళ్ళలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా ఉన్నారు. దేశం నివ్వెరపోయింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఇంత త్వరగా క్షమించడం మనుషులు చేసే పనేనా అన్నారు. వాళ్ళకి మాత్రం అది కొత్తగా నేర్చుకున్న పని కాదు. మంచు మీదనుంచి వెనక్కి తిరిగి వచ్చిన విల్లెమ్స్ కథ ఆ తల్లిదండ్రులు చిన్నప్పుడు విన్నదే. పది రోజులకి ఆ బడిని పడగొట్టి నేలమట్టం చేశారు. ఆరు నెలలకి ఇంకోచోట కొత్త బడి కట్టారు.

ఇవాళ వాళ్ళ ముందున్న చిక్కు తుపాకీ కాదు, భూమి. కుటుంబానికి ఆరేడుగురు పిల్లలు. లాంకాస్టర్‌లో భూమి బాగా ఖరీదు. కొందరు న్యూయార్కు ఉత్తర భాగానికీ, కెంటకీకీ, విస్కాన్సిన్‌కీ తరలి కొత్త ఊళ్ళు కడుతున్నారు. ఇప్పుడు ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నారు. ఉత్తర ఇండియానాలో వేలమంది మగవాళ్ళు ఇళ్ళలాంటి పెద్ద బళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీల్లో గడియారం ప్రకారం పనిచేస్తున్నారు. 2008 మాంద్యంలో అవి మూతపడ్డప్పుడు, ప్రభుత్వ సొమ్ము ముట్టకూడదనే వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలగాలన్న సమస్య వచ్చింది. నాన్న రోజంతా పొలంలో కళ్ళెదుట ఉండే ఇల్లు వేరు, పొద్దున్న నాలుగింటికి డబ్బా కట్టుకుని పోయే ఇల్లు వేరు. ఆ తేడా మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మిన్నెసోటాలో అందరికన్నా కఠినమైన శాఖవాళ్ళు స్నానం నీళ్ళకి సెప్టిక్ ట్యాంకు పెట్టమంటే కాదన్నారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2021లో మళ్ళీ విచారించమని వెనక్కి వచ్చి, 2023లో ఆ రాష్ట్రపు అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తేల్చింది. ఒహైయోలో హోమ్స్ కౌంటీ రోడ్ల మీద టోపీ పెట్టుకున్న మగవాళ్ళు, గౌన్లు కట్టిన ఆడవాళ్ళు బ్యాటరీ సైకిళ్ళమీద రయ్యిమని పోతున్నారు. అక్కడి కొన్ని సంఘాలు వాటిని ఒప్పుకున్నాయి. వడ్రంగం వ్యాపారాలు చేసే కుర్రాళ్ళ జేబుల్లో సెల్‌ఫోన్లు చేరాయి. తీగ లేదు, బల్ల దగ్గర మోగదు, జేబులో వణుకుతుందంతే. పాత గుడిసె ఉపాయం దీనికి పనికిరాదు.

ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్కాలంలోనూ, ప్రభురాత్రి భోజనానికి రెండు వారాల ముందు ప్రతి సంఘమూ రోజంతా కూర్చుంటుంది. బిషప్పు కట్టుబాట్లన్నీ పేరుపేరునా చెబుతాడు. ఆడా మగా ప్రతి సభ్యుణ్ణీ ఒక్కొక్కరిగా అడుగుతారు, నీకు సమ్మతమేనా అని. కుదరకపోతే ఆ భోజనం వాయిదా వేస్తారు. కొన్నిచోట్ల అలా వాయిదా పడుతోంది. ఎక్కువగా ఫోను దగ్గరే.